ధర్మ ట్రస్టు ఇళ్లలో ఒకాయన గొడవ, మిగతా ఇరవై మూడు ఇళ్లకు నిద్ర లేదు – తిరుపతి వాళ్లు సలహా చెప్పండి

కొర్లగుంట_సెక్రటరీ | జూన్ 9, రాత్రి 10:20

అందరికీ నమస్కారం. పోస్టు కొంచెం పెద్దది, ఓపిగ్గా చదవండి.

మాది చిన్న ట్రస్టు. మా నాయన తరంవాళ్లు నలుగురైదుగురు కలిసి స్థలం కొని కట్టించిన మిద్దె. మూడంతస్తులు, ఇరవై నాలుగు ఇళ్లు. ఒక గది, వంటిల్లు, బాత్రూము. బాడుగ 1,800. బయట ఇలాంటి ఇంటికే మూడింతలు అడుగుతారు. ట్రస్టు కాగితంలో ‘తిరుపతిలో కూలి చేసుకుని బతికే కుటుంబాలకు’ అని రాసి ఉంది. కాబట్టి ఉండేవాళ్లంతా హోటల్ పనివాళ్లు, పూలు కట్టేవాళ్లు, ఆటోవాళ్లు, లాడ్జీల్లో గదులు తుడిచేవాళ్లు. నేను జీతం లేని సెక్రటరీని. రిటైరయినాక ఖాళీగా ఉన్నాడు కదా అని నా నెత్తిన పెట్టారు.

రెండో అంతస్తులో ఒకాయన ఉన్నాడు. దోశ మాస్టరు. వచ్చి ఎనిమిదేళ్లు. మొదట్లో చాలా మంచివాడు, దీపావళికి అందరి పిల్లలకూ తనే టపాకాయలు కొనేవాడు. రెండేళ్లుగా మందు ఎక్కువైంది. రాత్రి పదకొండుకు వచ్చి మెట్ల మీద కూర్చుని అరుస్తాడు. శనివారం మెట్ల కింద పేకాట, బయటివాళ్లను కూడా పిలుచుకొస్తాడు. కింద ఇంట్లో ఒక పెద్దావిడ ఒంటరిగా ఉంటుంది, ఆమెను బండబూతులు తిట్టాడు. మెట్ల మీది బల్బులు పీకేసేది కూడా ఆయనే అంటారు. నీళ్ల దగ్గర రోజూ తగువు.

విచిత్రం ఏమంటే బాడుగ ఒక్క నెల కూడా ఆగలేదు. ఐదో తారీకు పొద్దున్నే ఆయన భార్య తెచ్చి ఇస్తుంది. ఆమె పూలు కడుతుంది. ఇద్దరు పిల్లలు, పాప తొమ్మిదో తరగతి.

కమిటీలో ఐదుగురం. ముగ్గురు ‘నీళ్లు, కరెంటు ఆపేద్దాం, వాడే పోతాడు’ అంటున్నారు. ఒకాయన తాళం వేసేద్దామంటాడు. నాకు మనసొప్పడం లేదు. కానీ వదిలేస్తే మిగతావాళ్లకు అన్యాయం. ఫిర్యాదు రాసివ్వండి అంటే ఇరవై మూడు ఇళ్లలో ఒక్కరూ సంతకం పెట్టలేదు. అందరూ నా చెవిలో చెప్పేవాళ్లే. ఏం చేయాలి?


ఆటోనగర్_అబ్బి | జూన్ 9, రాత్రి 10:41

నీళ్లు ఆపండి అనా. వారంలో మూట సర్దుకుంటాడు. మా పాత ఓనరు మాకు అదే చేసినాడు, మేము పోలేదా?


చిత్తూరు_వకీలు | జూన్ 9, రాత్రి 11:15

పై సలహా పాటించకండి. మీ మీదే కేసు పడుతుంది.

నీళ్లు, కరెంటు ఆపి ఖాళీ చేయించడం చట్టం ఒప్పుకోదు. తాళం వేయడం ఇంకా పొరపాటు. 1963 నాటి స్పెసిఫిక్ రిలీఫ్ యాక్టులో ఆరో సెక్షన్ ఉంది. కోర్టు దారిలో కాకుండా ఇంట్లోంచి గెంటేస్తే ఆరు నెలల్లోపు దావా వేసి మళ్లీ ఇంట్లోకి వచ్చేయొచ్చు. ఆ దావాలో ఇల్లు ఎవరిది అని కూడా చూడరు, ఎవరిని ఎలా గెంటారన్నదే చూస్తారు. ఆయన మళ్లీ వస్తాడు. ఈసారి ‘కోర్టు నన్ను తెచ్చి కూర్చోబెట్టింది’ అని మీసం మెలేసుకుంటూ వస్తాడు.

నెలవారీ బాడుగ అయితే ఆస్తి బదిలీ చట్టం 106 సెక్షన్ ప్రకారం పదిహేను రోజుల రాతపూర్వక నోటీసు. ఇక్కడ చాలామంది చేసే తప్పు ఒకటుంది. నోటీసు ఇచ్చిన తర్వాత కూడా ఐదో తారీకు రాగానే అలవాటుగా బాడుగ తీసుకుంటారు. అంటే నోటీసు మీరే వదులుకున్నారని అవతలి వకీలు వాదిస్తాడు. మీ కేసులో ఆ తల్లి ఐదో తారీకు ఠంచనుగా వస్తుంది, మీరు చేయి చాపుతారు. అయిపోయింది.

ఇరుగుపొరుగును బాధపెట్టడం ఖాళీ చేయించడానికి ఒక కారణమని 1960 నాటి మన పాత అద్దె చట్టంలోనే ఉండేది. 2017లో రాష్ట్రం కొత్త చట్టం చేసింది. మీ ట్రస్టు డీడ్, బాడుగ కాగితం చూపిస్తే ఏ దారి పట్టాలో చెప్తాను. ఏ దారిలో పోయినా సాక్ష్యం కావాలి. చెవిలో చెప్పింది సాక్ష్యం కాదు.


మిట్టూరు_మామ | జూన్ 10, ఉదయం 6:30

వకీలు గారు చెప్పింది నిజం, నేను అనుభవించినా. చిత్తూరులో మా పెదనాన్న ఇల్లు. బాడుగకున్నోడు రోజూ గొడవ. నేను కుర్రతనంలో, ఆయన ఊరికి పోయిన రోజు తలుపు ఊడదీసి మేడ మీద పెట్టినా. తలుపు లేని ఇంట్లో ఎవడుంటాడులే అనుకున్నా. ఆయన దుప్పటి కట్టుకుని ఉన్నాడు. పదకొండు నెలలు. కోర్టు చుట్టూ నేను తిరిగినా, బాడుగ ఆయన ఎగ్గొట్టినాడు, చివరికి తలుపు బిగించిన వడ్రంగి కూలి కూడా నాదే. పైగా వానకు తడిసి ఆ తలుపు ఉబ్బిపోయి చట్రంలో పట్టలేదు.


మూడో_అంతస్తు | జూన్ 10, ఉదయం 9:05

అందరూ ఆయన్ని ఎట్లా పంపాలి, ఎట్లా పంపకూడదు అని మాట్లాడుతున్నారు. మిగతా వాళ్ల గురించి ఎవరూ మాట్లాడరా?

నేను టిడ్కో ఇంట్లో, అంటే ప్రభుత్వం కట్టించిన అపార్టుమెంటులో ఉంటాను. కింద ఒకటి, పైన మూడు అంతస్తులు, 300 చదరపు అడుగుల ఇల్లు. మా బ్లాకులో ఇలాంటి మనిషే ఉన్నాడు. మాకు ఓనరు కూడా లేడు, ఎవరిల్లు వాళ్లది, ఎవరికి చెప్పాలి? ట్యూషన్ నుంచి వచ్చే మా పాప కింద నిలబడి ఫోన్ చేస్తుంది, నేను దిగి తీసుకొస్తాను. మెట్లెక్కడానికి తోడు కావాలి దానికి. పదమూడేళ్ల పిల్ల. సంతకం ఎందుకు పెట్టరు అని అడిగారు కదా సార్. పెడతాం. పెట్టిన మర్నాడు మీరు కొర్లగుంటలో మీ ఇంట్లో ఉంటారు, మేము ఆయన గోడ పక్కన ఉంటాం.


కొర్లగుంట_సెక్రటరీ | జూన్ 10, ఉదయం 9:50

అమ్మా, మీ చివరి మాటకు నా దగ్గర జవాబు లేదు. నిజమే.


రిటైర్డ్_ఆర్ఐ | జూన్ 10, మధ్యాహ్నం 2:10

ముప్పై ఏళ్లు తహసీల్దారు ఆఫీసుల్లో నలిగినవాణ్ణి. ఒక చిన్న ఉపాయం చెప్తా.

సంతకం అడగొద్దు. ఒక 200 పేజీల నోటుబుక్కు కొనండి. మీరే రాయండి. తేదీ, టైము, ఏం జరిగింది, ఎంతసేపు, ఎవరు విన్నారు. ‘తాగి రౌడీయిజం చేశాడు’ అని రాయొద్దు, అది అభిప్రాయం. ‘రాత్రి 11:10 నుంచి 11:45 వరకు రెండో అంతస్తు మెట్ల మీద అరిచాడు, ఫలానా మాట అన్నాడు’ అని రాయండి. బూతు అయితే బూతే రాయండి, సిగ్గు పడొద్దు. రాత్రిపూట రెండు మూడు సార్లు మీరే వెళ్లి కూర్చోండి. అప్పుడు సాక్షి మీరే. బాడుగవాళ్ల పేర్లు బయటికి రావు.

తర్వాత పోలీసు స్టేషన్. కేసు కట్టమని అడగొద్దు, బైండోవర్ అడగండి. పాత క్రిమినల్ ప్రొసీజర్ కోడ్ (సీఆర్‌పీసీ)లో 107 సెక్షన్, ఇప్పుడు దాని బదులు వచ్చిన బీఎన్‌ఎస్‌ఎస్‌లో 126. పోలీసులు రిపోర్టు పంపితే తహసీల్దారు ముందు మనిషిని నిలబెట్టి, శాంతికి భంగం కలిగించనని ఏడాది మించకుండా పూచీకత్తు రాయిస్తారు. జైలు కాదు, శిక్ష కాదు. కానీ తహసీల్దారు ముందు నిలబడి, జామీనుదారుణ్ణి వెతుక్కుని, సంతకం చేసినోడు ఇంటికొచ్చాక ఒక మెట్టు దిగుతాడు. నేను చూసినవాళ్లలో సగం మందికి అదే చాలింది. మిగతా సగానికి ఏదీ చాలదు.

మీ వార్డు సచివాలయంలో మహిళా పోలీసు ఉంటారు. ముందు ఆమెకు చెప్పండి. ఆ పెద్దావిడను తిట్టిన విషయం ఆమె చూసుకుంటారు.


జీవకోన_జనార్దన | జూన్ 10, సాయంత్రం 5:32

ఇట్లాంటోళ్లకు ఇల్లు ఇవ్వడమే తప్పు. చదువుకున్న ఫ్యామిలీలకు, మంచి కులమోళ్లకు ఇచ్చి ఉంటే ఈ బాధ ఉండేది కాదు.


పూతలపట్టు_టీచర్ | జూన్ 10, సాయంత్రం 5:50

జనార్దన గారూ, మా వీధిలో నెలకు 18,000 బాడుగ కట్టే ఒక ఇంజనీరు ఉన్నాడు. మందు తాగి కారు హారన్ మీద తల పెట్టి నిద్రపోతాడు. ఆయన కులం ఏమిటో కూడా మీకు చెప్పాలా? ఆ ట్రస్టు పెట్టిందే కూలివాళ్ల కోసం. కులం సంగతి మరొక చోట మాట్లాడుకోండి, ఇక్కడ వద్దు.


మాంచెస్టర్లో_మదనపల్లె | జూన్ 11, రాత్రి 1:15

నేను ఇక్కడ ఇంగ్లండ్‌లో పేదలకు తక్కువ అద్దెకు ఇళ్లిచ్చే సంస్థలో అకౌంట్స్ చూస్తాను. మీ సమస్యే ఇక్కడ పెద్ద డిపార్ట్‌మెంటు, దాని కోసం జీతాలిచ్చి మనుషుల్ని పెట్టారు. కొన్ని సంగతులు పనికొస్తాయేమో.

కొత్తగా వచ్చినవాళ్లకు చాలా చోట్ల మొదటి పన్నెండు నెలలు పరీక్షా కాలం. ఆ ఏడాది గొడవలేకుండా ఉంటేనే పూర్తి హక్కులు. గొడవ మొదలైతే ముందు మనిషిని పిలిచి కూర్చోబెట్టి ఒక కాగితం రాయిస్తారు. రాత్రి పదకొండు తర్వాత పాటలు పెట్టను, మెట్ల దగ్గర గుంపు చేరనివ్వను, ఇట్లా. లండన్‌లో ఇస్లింగ్టన్ అనే చోట 1990ల చివర్లో మొదలుపెట్టారు. అది కోర్టు ఆర్డరు కాదు, ఒట్టి ఒప్పందం. అయినా పనిచేస్తుంది, ఎందుకంటే తను ఏం చేస్తున్నాడో ఆ మనిషి తనే కాగితం మీద చదవాలి.

అది కాకపోతే, ఇరుగుపొరుగును వేధించేవాళ్ల మీద ఇక్కడ 2014లో చేసిన చట్టం కింద కోర్టు నిషేధం. అందులో నాకు నచ్చేది, ‘ఇది చేయొద్దు’ అనే కాదు, ‘తాగుడు మానే చికిత్సకు వెళ్లు’ అని కూడా కోర్టు రాయొచ్చు. ఇంకొకటి, ఆరు నెలల్లో మూడు ఫిర్యాదులు ఇచ్చినా ఎవరూ పట్టించుకోకపోతే, మా కేసు మళ్లీ చూడండి అని బాధితులు గట్టిగా అడిగే హక్కు ఉంది. మూడో అంతస్తు అక్క చెప్పింది చదివితే అదే గుర్తొచ్చింది.

స్కాట్లాండ్‌లో డండీ అనే ఊళ్లో 1996లో ఒక పని మొదలుపెట్టారు. గొడవల వల్ల ఇల్లు పోయిన, పోబోతున్న కుటుంబాలను తెచ్చి, పక్కనే సిబ్బందిని పెట్టి, తాగుడు, అప్పులు, పిల్లల బడి, అన్నీ ఒకేసారి చూశారు. వెళ్లగొడితే ఇంకో వీధికి పోయి అదే గొడవ చేస్తారు కదా, అది వాళ్ల లెక్క.

అట్లాగని ఇక్కడంతా బంగారం అనుకోకండి. కాగితాలు మాత్రం చాలా అందంగా ఉంటాయి. పై ఇంటి కుక్క అరుపు మీద మా పక్కింటావిడ ఫిర్యాదు పెట్టి రెండేళ్లు. ఆ కుక్క ముసలిదైపోయి తనే మానేసింది.


ఆటోనగర్_అబ్బి | జూన్ 11, ఉదయం 7:20

కుక్క సూపర్ 😂


కొర్లగుంట_సెక్రటరీ | జులై 2, రాత్రి 9:30

మూడు వారాలైంది. ఆర్ఐ గారు చెప్పినట్టు నోటుబుక్కు పెట్టాను. తొమ్మిది రాత్రులు మెట్ల కింద కుర్చీ వేసుకుని కూర్చున్నా. ఇంట్లో మా ఆవిడ నన్ను వాచ్‌మన్ గారూ అని పిలుస్తోంది.

రాసినవి నలభై ఒక్క గొడవలు. ఆదివారం కూర్చుని లెక్క తీస్తే నాకే ఆశ్చర్యం వేసింది. ఇరవై రెండు గొడవలు పొద్దున ఐదు, ఆరు గంటల మధ్య. అన్నీ నీళ్ల దగ్గరే. మోటారు ఐదింటికి వేస్తాం, ట్యాంకు చిన్నది, ఆరుకల్లా పై అంతస్తుల్లో కొళాయి ఆగిపోతుంది. కింద వాళ్లు ముందే పట్టేసుకుంటారు. అక్కడ అరిచేది ఆయన ఒక్కడే కాదు, ఆయన గొంతు పెద్దది, అంతే. ఇందులో ఆయన మీద రాసిన ఫిర్యాదుల్లో సగం నిజానికి మా ట్యాంకు మీద ఫిర్యాదులు. ఎనిమిదేళ్లుగా ట్యాంకు మార్చాలి అనుకుంటూనే ఉన్నాం.

మెట్ల కింద పేకాట ఎందుకు ఆడతారంటే అక్కడ చీకటి. బల్బు లేదు కాబట్టి. బల్బు ఎందుకు లేదంటే ఆయన పీకాడు కాబట్టి అని అందరూ అనేది. కానీ నేను కూర్చున్న తొమ్మిది రాత్రుల్లో ఆయన బల్బు జోలికి పోలేదు.

ట్యాంకు ఆర్డరిచ్చాం. మెట్లకు మూడు లైట్లు పెట్టించాం. పేకాట బ్యాచ్ రెండు శనివారాలుగా రాలేదు.

కానీ మిగిలిన పంతొమ్మిదిలో పద్నాలుగు రాత్రి గొడవలు మాత్రం నిఖార్సైనవే. వాటిలో ఐదుసార్లు ఇంట్లో సామాన్లు విసరడం, భార్యను కొట్టడం. నేను కింద కూర్చుని విన్నా. ఒకసారి పైకి వెళ్లి తలుపు కొట్టా. పాప తీసింది. ‘ఏం లేదు తాతా’ అని మళ్లీ వేసేసింది. ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు.


పీలేరు_సుజాత | జులై 2, రాత్రి 11:55

నెలరోజులుగా ఈ చర్చ చదువుతున్నా, రాయాలా వద్దా అనుకుంటున్నా.

‘ఏం లేదు’ అని తలుపేసిన పాపను నేనే. అంటే ఇరవై ఏళ్ల కిందట. మా నాన్న కూడా అట్లాగే. మేము ఆరు ఇళ్లు మారాం. పీలేరు, మదనపల్లె, మళ్లీ పీలేరు, తిరుపతిలో రెండు, తిరుచానూరు వైపు ఒకటి. ప్రతిసారీ ఓనర్లు న్యాయంగానే పంపేశారు, ఇప్పుడు నాకు వాళ్ల మీద కోపం లేదు. కానీ పంపేసినప్పుడు ఎవరు పోయారో చెప్తాను. నాన్న రెండు మూడు రోజులు ఎక్కడో పడి ఉండేవాడు. కొత్త ఇల్లు వెతికేది అమ్మ. అడ్వాన్సు కోసం గాజులు తాకట్టు పెట్టేది అమ్మ. టీసీ కోసం బడి చుట్టూ తిరిగింది నేను. ఎనిమిదో తరగతి నేను మూడు బడుల్లో చదివా. లెక్కల్లో బీజగణితం ఏ బడిలోనూ మొదటినుంచి వినలేదు, ఈ రోజుకూ రాదు.

ఒక్క ఓనరమ్మ మాత్రం, తిరుచానూరు వైపు, వేరేగా చేసింది. బాడుగ కాగితం అమ్మ పేరు మీద రాసింది. నాన్నను పిలిచి, ‘ఇది నీ ఇల్లు కాదురా అబ్బోడా, దాని ఇల్లు. తాగకుండా వస్తే అన్నం తిను, తాగి వస్తే గేటు బయటే పడుకో’ అంది. నాన్న మారిపోయాడు అని చెప్పను. మారలేదు. కానీ అమ్మకు మొదటిసారి ఒక మాట అనడానికి ధైర్యం వచ్చింది. ఆ ఇంట్లోనే నేను టెన్త్ పాసయ్యా.

సార్, ఆమె ఐదో తారీకు డబ్బు తెచ్చిస్తుంది అన్నారు. మరి మీ పుస్తకంలో ఎవరి పేరుంది?


కొర్లగుంట_సెక్రటరీ | జులై 3, ఉదయం 5:40

ఆయన పేరు. ఒంటరిగా ఉండే ఆ పెద్దావిడ ఇల్లు తప్ప మా పుస్తకంలో మిగతా ఇరవై మూడు పేర్లూ మగవాళ్లవే. బాడుగ తెచ్చేది మాత్రం పంతొమ్మిది ఇళ్లలో ఆడవాళ్లు. ఇప్పుడే తీసి లెక్కపెట్టా.


చిత్తూరు_వకీలు | జులై 3, ఉదయం 10:25

సుజాతమ్మా, మీరు రాసింది చదివి కాసేపు పని ఆపేశాను.

చట్టం సంగతి. 2005 నాటి గృహహింస చట్టంలో పంతొమ్మిదో సెక్షన్ ఉంది. కాపురం ఉంటున్న ఇంట్లోంచి భర్తనే బయటికి పొమ్మని మెజిస్ట్రేటు ఆదేశం ఇవ్వొచ్చు. ఇల్లు సొంతమా, బాడుగదా అన్నది అడ్డం కాదు. అంటే ఓనరు ఖాళీ చేయిస్తే కుటుంబమంతా రోడ్డున పడుతుంది, ఈ దారిలో గొడవ చేసే మనిషి ఒక్కడే బయటికి పోతాడు. అయితే ఇది ఆమె అడగాల్సింది. ట్రస్టు అడగడానికి లేదు, ఆమెను బలవంతపెట్టడానికి అసలే లేదు. మహిళా పోలీసు ద్వారా గానీ, 181కి ఫోన్ చేసి గానీ ఆమెకు ఈ హక్కు ఉందని తెలిసేలా చేయండి. ఆపైన ఆమె ఇష్టం.

బాడుగ కాగితం మార్చడం గురించి. ఆయన పేరున ఉన్నది ఉండగానే ఆమె పేరున ఇంకొకటి రాస్తే చిక్కు. ఆయన పాతది వదులుకుంటున్నానని సంతకం చేయాలి. దీనికి లోక్ అదాలత్, అంటే రాజీ కుదిర్చే కోర్టు, బాగుంటుంది. కేసు వేయకముందే వెళ్లొచ్చు, కోర్టు ఫీజు ఉండదు. అక్కడ రాసుకున్న రాజీ కోర్టు డిక్రీతో, అంటే కోర్టు తీర్పుతో సమానం, దాని మీద అప్పీలు లేదు. తిరుపతి కోర్టు ఆవరణలో న్యాయసేవ ఆఫీసుకు వెళ్లి అర్జీ పెట్టండి, లేదా 15100కి ఫోన్ చేయండి. మదనపల్లె చెల్లెలు చెప్పిన ఒప్పంద కాగితం ఉంది కదా, అందులోని షరతులు కూడా ఈ రాజీలోనే రాయించేయండి. అక్కడ ఒట్టి కాగితం, ఇక్కడ డిక్రీ.


మూడో_అంతస్తు | జులై 3, మధ్యాహ్నం 12:40

సుజాత చెప్పింది నిజమే, ఏడ్చాను కూడా. అయినా నా ప్రశ్న అట్లాగే ఉంది. ఆమె ఇష్టం, ఆయన సంతకం, అదాలత్ తేదీ. ఇవన్నీ అయ్యేదాకా ఆ కింద పెద్దావిడ ఏం చేయాలి? కరుణ చూపించేది ట్రస్టు, భరించేది పక్కింటివాళ్లు. ఒక గడువు పెట్టండి సార్. ఫలానా తారీకు లోపల మారకపోతే నోటీసు అని. లేకపోతే ఇది ఇంకో ఎనిమిదేళ్లు.


కొర్లగుంట_సెక్రటరీ | జులై 3, మధ్యాహ్నం 1:15

సెప్టెంబర్ 30. ఇక్కడ అందరి ముందూ రాస్తున్నా. అప్పటికీ రాత్రి గొడవలు ఆగకపోతే నోటీసు ఇస్తాం, ఆ తర్వాత బాడుగ తీసుకోం. ఆ పెద్దావిడకు నా నంబరు, మహిళా పోలీసు నంబరు పెద్ద అక్షరాలతో రాసి గోడకు అతికించా. అత్యవసరానికి 112 కూడా.


రుయా_రోడ్డు_సిస్టర్ | జులై 3, రాత్రి 8:30

నర్సుగా ఒక జాగ్రత్త చెప్తా. ఒప్పందం రాయించి ‘రేపటి నుంచి చుక్క ముట్టను’ అని ఒట్టు వేయిస్తారేమో, అట్లా చేయకండి. రోజూ ఎక్కువగా తాగేవాళ్లు ఉన్నట్టుండి మానేస్తే చేతులు వణుకుతాయి, చెమటలు, నిద్ర ఉండదు. మొదటి రెండు రోజుల్లో ఫిట్స్ రావచ్చు. తర్వాత ఏవేవో కనిపిస్తున్నాయని కేకలు పెడతారు. ప్రాణం మీదికి వస్తుంది. పక్కింటివాళ్లు దాన్ని కూడా తాగి చేసే గొడవే అనుకుంటారు. డాక్టరు దగ్గర మందులతో మాన్పించాలి. ప్రభుత్వ ఆసుపత్రి మానసిక విభాగానికి తీసుకెళ్లండి. వెళ్లడానికి సిగ్గుపడితే ముందు 14416కు ఫోన్ చేయించండి, టెలిమానస్ అనే ప్రభుత్వ మానసిక ఆరోగ్య సలహా లైను, డబ్బులు పడవు, తెలుగులోనే మాట్లాడతారు.

ఇంకొకటి. దోశ పెనం ముందు పది గంటలు నిలబడేవాళ్లలో ఈ అలవాటు నేను చాలా చూశా. ఒళ్లు నొప్పులకు మొదలవుతుంది. ఇది సమర్థింపు కాదు, పనివేళలు కూడా అడగండి అంటున్నా.


మిట్టూరు_మామ | జులై 4, ఉదయం 6:10

సిస్టరమ్మా, ఆ రోజు నేను తలుపు ఊడదీయకుండా ఇది అడిగి ఉండాల్సింది.


కొర్లగుంట_సెక్రటరీ | అక్టోబర్ 4, రాత్రి 8:45

చాలామంది మెసేజ్ పెట్టి అడుగుతున్నారు. బ్రహ్మోత్సవాల రద్దీలో రాయలేకపోయా, మా ఇంట్లో పదకొండు మంది చుట్టాలు.

ఆగస్టులో లోక్ అదాలత్‌లో కూర్చున్నాం. మొదటి వాయిదాకు ఆయన రాలేదు. రెండోదానికి వచ్చాడు, తాగకుండా వచ్చాడు, గడ్డం గీసుకుని వచ్చాడు. నోటుబుక్కు చదివి వినిపించారు. బూతులు వచ్చిన చోట చదివే ఆయన ఆగిపోతే, ‘చదవండి సార్, నేనన్నదే కదా’ అన్నాడు. పెద్దావిడను అన్న మాట దగ్గర మాత్రం తల దించుకున్నాడు. ఆమె తన అమ్మకు వరసైన మనిషట, ఇద్దరిదీ పుత్తూరు దగ్గరే. అది ఎనిమిదేళ్లుగా మాకెవరికీ తెలియదు.

బాడుగ కాగితం భార్య పేరుకు మారింది. ఆమె కేసు పెట్టనంది. ఆమె ఇష్టం. కానీ మహిళా పోలీసు ఇచ్చిన కాగితం మడిచి బియ్యం డబ్బాలో పెట్టుకుందని పాప చెప్పింది. ఆయన పది రోజులు ఆసుపత్రిలో ఉన్నాడు. వచ్చాక నెల రోజులు బాగున్నాడు. సెప్టెంబర్ 19న మళ్లీ తాగాడు, మళ్లీ మెట్ల మీద అరిచాడు, ఇరవై నిమిషాలు, పుస్తకంలో రాశా. ఆ రాత్రి ఆమె తలుపు తీయలేదు. ఆయన గేటు దగ్గర పడుకుని పొద్దున తమ్ముడింటికి పుత్తూరు వెళ్లిపోయాడు. అక్కడే ఏదో హోటల్లో పని చూసుకున్నాడట. ఆదివారాలు వస్తున్నాడు.

గడువు దాటింది. కమిటీలో ఇద్దరు, మాట అంటే మాట, ఒకసారి అరిచాడు కాబట్టి నోటీసు ఇవ్వాల్సిందే అన్నారు. అదీ తప్పనిపించలేదు. చివరికి కింద పెద్దావిడను అడిగాం, ఎక్కువ తిట్లు తిన్నది ఆమే కాబట్టి. డిసెంబర్ దాకా చూద్దాం అంది. ఆ మాట రాసి సంతకం పెట్టింది. మా పుస్తకంలో బాడుగవాళ్లు పెట్టిన మొదటి సంతకం అది.

మిగతా ఇళ్ల కాగితాలు కూడా భార్యాభర్తలిద్దరి పేరునా మారుస్తున్నాం. పదిహేడు అయ్యాయి. ఇద్దరు మగవాళ్లు కోపం తెచ్చుకుని నాతో మాట్లాడ్డం మానేశారు.


మూడో_అంతస్తు | అక్టోబర్ 4, రాత్రి 9:20

గడువు దాటినా పెద్దావిడను అడిగారు కదా సార్, అది చాలు. మా బ్లాకులో నేనూ నోటుబుక్కు కొన్నాను. పన్నెండు పేజీలయ్యాయి. వచ్చే సోమవారం అర్జీల రోజుకు కలెక్టరేటుకు పట్టుకెళ్తున్నా, ఇంకో నలుగురు వస్తామన్నారు.


కొర్లగుంట_సెక్రటరీ | అక్టోబర్ 6, ఉదయం 7:00

ఒక చిన్న సాయం కావాలి. రెండో అంతస్తు మెట్ల బల్బు రాత్రి మళ్లీ ఎవరో పీక్కుపోయారు. ఆయన పుత్తూరులో ఉన్నాడు, నేనే ఫోన్ చేసి కనుక్కున్నా. చేసినందుకు ఇప్పుడు సిగ్గుగా ఉంది.


ఆటోనగర్_అబ్బి | అక్టోబర్ 6, ఉదయం 7:12

ఇనప జాలీ చేయించండి అనా, దానికి చిన్న తాళం కూడా పెడతారు. మా పక్క షాపులో వెల్డింగ్ చేస్తారు, నేను చెప్తా. ధర్మానికి అంటే కూలి తీసుకోడు, ఇనుము డబ్బులిస్తే చాలు.